తెర ఇనుమును పదును చేయదు



ఈసారి మేము రాస్తున్నది కత్తుల గురించి. నవ్వుకోకండి. కత్తిపీట, కొడవలి, కొబ్బరి బొండాల కత్తి, ఆయిల్ పామ్ గెలలు దించే ఉలి, ఇవి లేకుండా మన ఉంగుటూరు మండలంలో ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలుగుతుందో లెక్క వేసుకోండి. వీటికి పదును ఎవరు పెట్టాలి, ఆ పని ఎవరి దగ్గర నేర్చుకోవాలి అన్న దాని మీద ఇప్పుడు మన ఇళ్లలో తగవు నడుస్తోంది. కుర్రాళ్లు ఫోనులో వీడియోలు చూసి మేమే సాన పట్టుకుంటాం అంటున్నారు. పెద్దవాళ్లు చదువుకున్నవాడికి ఆ పనేమిటని ఎగతాళి చేస్తున్నారు. ఇద్దరూ మా దగ్గరకు వచ్చి, పాస్టరు గారూ మీరైనా చెప్పండి అంటున్నారు.

చెబుతున్నాం. ఇద్దరిదీ తప్పే. కానీ ఆ రెండు తప్పులూ ఒక తూకానివి కావు. వీడియో చూసి నేర్చుకోవాలనుకోవడంలో ఏ దోషమూ లేదు. "వీడియో ఉండగా మనిషెందుకు" అనడంలోనే అబద్ధం ఉంది. ఆ అబద్ధానికి నీళ్లు పోసి పెంచింది ఎగతాళి చేసే పెద్దలే. ఇక ఆ అబద్ధం ఖర్చు మోస్తున్నది మడిలో వంగి కోసే ఆడకూలీలు, రోడ్డు పక్కన కూర్చుని చేపలు కోసి ఇచ్చే తల్లులు. అందుకే మేము మాట్లాడవలసి వచ్చింది.

ముందు వీడియోల పక్షాన చెప్పవలసినది చెబుదాం. మంచిని మంచి అనకుండా తిట్టడం మన పద్ధతి కాదు. నిజాయితీగా చేసిన వీడియోలు మూడు సంగతులు బాగా నేర్పుతాయి. మొదటిది, కోణం. కత్తిని రాయి మీద పరిచి వెనుక భాగాన్ని ఎంత లేపాలో, చివరి దాకా అంతే ఉంచాలి. కత్తి వెడల్పును మూడు భాగాలుగా అనుకుని అందులో ఒక భాగమంత ఎత్తు లేపితే సుమారు 20 డిగ్రీలు వస్తుంది. వంటింటి కత్తికి అది చాలు. రెండవది, ఒక వైపు చాలినంత రుద్దామని ఎలా తెలుస్తుంది అన్నది. అంచుకు అవతలి వైపున వేలికి సన్నని గరుకు తగులుతుంది. ఆ గరుకు మొదలు నుంచి మొన దాకా పుట్టిందంటే ఆ వైపు పని అయిందని అర్థం. అప్పుడే తిప్పాలి. మూడవది, వరుస. ముందు గరుకు రాయి, తరువాత నున్న రాయి, చివర్లో చెయ్యి తేలిక చేసి ఆ గరుకును రాల్చడం, పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగడం. ఈ మూడూ సత్యమే. మన హార్డువేరు కొట్టులో దొరికే రెండు ముఖాల కార్బొరండం రాయితోనే ఇదంతా చేయవచ్చు. ఆ రాయి కూడా మన తాతల నాటిది కాదు. 1890లలో అమెరికాలో ఒక మనిషి కొలిమిలో పుట్టించిన పదార్థం అది. కొత్తది కాబట్టి చెడ్డదని మేము అనం.

అయితే వీడియోలో మెరుస్తున్న ఆ కత్తి ఎవరిది? ఒక్కసారి ఆపి చూడండి. చాలావాటిలో అది జపాను కత్తి, లేదా దాని పోలికలో చేసినది. చాలా గట్టి ఉక్కు, చాలా సన్నని అంచు. దాన్ని వెయ్యి నంబరు రాయి మీద, ఆపైన ఆరు వేల నంబరు రాయి మీద అద్దంలా రుద్దుతారు. టమాటా దాని మీద పెడితే తన బరువుకే రెండవుతుంది. చూడటానికి అద్భుతం. ఇప్పుడు మన ఇంటి వైపు తిరగండి. బొండాల కత్తి చాలాసార్లు లారీ కమాను పట్టీని కాల్చి సాగగొట్టి చేసినది. అది అంత గట్టిగా ఉండదు, ఉండకూడదు కూడా. జపాను కత్తి అంత గట్టిగా ఉంటే బొండం మీద రెండో దెబ్బకే పెళుసుగా అంచు లేచిపోతుంది. దానికి 15 డిగ్రీల అంచు తీసి అద్దంలా మెరిపిస్తే మొదటి గెల అయ్యేసరికి ఆ అంచు మడత పడుతుంది. కుర్రాడు మళ్లీ రుద్దుతాడు, మళ్లీ మడత పడుతుంది. చివరకు "ఈ ఇనుమే మంచిది కాదు" అంటాడు. ఇనుము మంచిదే. పాఠమే ఇంకొకరిది.

కత్తిపీట సంగతి ఇంకా వేరు. వీడియోలో రాయి కదలదు, కత్తి కదులుతుంది. మన కత్తిపీటలో కత్తి చెక్కలో దిగి వంపు తిరిగి నిలబడి ఉంటుంది, కాబట్టి రాయినే చేతిలో పట్టుకుని కత్తి మీదుగా నడపాలి. చేతి తిరుగుడు మొత్తం తారుమారు. ఇక కక్కు కొడవలి ఉంది. దానికి ఒక వైపు పళ్లు, ఒక వైపు నున్నన. పళ్లున్న వైపు రాయి పెట్టి సాపుగా అరగదీస్తే అది కొడవలి కాదు, వంకర రేకు. వరి దుబ్బు జారిపోతుంది, కోసేవాళ్ల మణికట్టు వాచిపోతుంది. కక్కు అరిగితే కమ్మరి దాన్ని కాల్చి, అంచు సాగగొట్టి, మళ్లీ ఉలితో పళ్లు కొడతాడు. లక్షలమంది చూసే వీడియో చేసేవాడికి కక్కు కొడవలి ఎందుకు? వాడి లోకంలో అది లేదు. తన లోకంలో లేనిదాన్ని వాడు నేర్పలేదని మేము వాణ్ణి తప్పు పట్టం. ఆ లోకమే లోకమంతా అనుకున్న మన పిల్లల్ని పిలిచి కూర్చోబెడుతున్నాం.

ఇంకొంచెం గట్టిగా చెప్పవలసినది యంత్రం గురించి. ఓపిక లేనివారికి వీడియోలు ఇంకో దారి చూపిస్తాయి. కరెంటు గ్రైండరు. నిప్పు రవ్వలు లేస్తాయి, అర నిమిషంలో అంచు తళతళలాడుతుంది. ఆ మెరుపు కింద ఏం జరిగిందో తెరకు కనబడదు. పొడిగా తిరిగే చక్రం సన్నని అంచును క్షణంలో వేడెక్కిస్తుంది. ఉక్కు మొదట గడ్డి రంగుకు, ఆ తరువాత 300 డిగ్రీల దగ్గర నీలం రంగుకు తిరుగుతుంది. నీలం కనబడిందంటే కమ్మరి నీళ్లలో ముంచి కట్టించిన గట్టిదనం ఆ మేరకు పోయినట్టే. ఆపైన ఎంత సాన పట్టినా నిలవదు.

మా సంఘంలో ఒక తల్లి హైవే పక్కన చేపలు కోసి ఇస్తుంది. కొల్లేరు చెరువుల నుంచి వచ్చిన శీలావతి, బొచ్చె కొనుక్కున్నవాళ్లు ఆమె ముందు వరుస కడతారు. ఆమె కొడుకు తల్లికి సాయం చేద్దామనే మంచి మనసుతోనే కత్తిపీటను గ్రైండరు మీద పెట్టాడు. వీడియోలో చూపించినట్టే చేశాడు. అంచు నీలమైంది. మరుసటి ఉదయం పదో చేపకే మొద్దుబారింది. పొలుసు మీద జారి ఆమె బొటనవేలు తెగింది. రెండు ఆదివారాల బేరం పోయింది. ఆమె మాతో అన్న మాట మేము మరచిపోలేం. "ఆ వీడియో ఆయనకి లక్షమంది చూసేవాళ్లున్నారంట పాస్టరు గారూ. నాకున్నది ఒక్క కత్తిపీటే."

ఈ వాదమంతా ఆ మాటలోనే ఉంది. చెప్పినవాడికి నష్టం లేని పాఠం అది. నువ్వు తప్పు చేస్తే వాడికి తెలియదు, తెలిసినా వాడి చూపుల లెక్క తగ్గదు. కొలిమి దగ్గర కూర్చున్న మనిషి అలా కాదు. నీ కత్తి పాడైతే రేపు మళ్లీ ఆయన ముందుకే వస్తుంది. ఊళ్లో ఆయన పేరే పోతుంది. అందుకే ఆయన నీ చెయ్యి పట్టుకుని ఆపుతాడు.

సామెతల గ్రంథం 27వ అధ్యాయం 17వ వచనం మీకందరికీ కంఠస్థమే. యూత్ మీటింగుల్లో ఆ మాట ఎన్నిసార్లు వినలేదు? స్నేహితుడు స్నేహితుణ్ణి ప్రోత్సహించడం అని తేలిగ్గా చెప్పేసి వదిలేస్తుంటారు. కానీ ఆ మాట చెప్పినవారి కాలంలో ఇనుమును ఇనుము పదును చేయడం అంటే ఏమిటో ఆలోచించండి. ఒరుసుకోవాలి. శబ్దం రావాలి. రెండిట్లో ఒకటి కొంచెం అరగాలి. తెర నిన్ను ఒరుసుకోదు. నీ మణికట్టు వంగిపోతోందని చెప్పదు. మొన దగ్గరకు వచ్చేసరికి నువ్వు కోణం వదిలేస్తున్నావని చూడదు, ఎందుకంటే తెరకు కన్ను లేదు. నువ్వు దాన్ని చూస్తున్నావు, అది నిన్ను చూడటం లేదు. తప్పు కోణంలో వందసార్లు రుద్దితే వంద పాఠాలు అయినట్టు కాదు. ఒకే తప్పు వందసార్లు చేతిలో ముద్ర పడినట్టు.

"బాగానే ఉంది పాస్టరు గారూ, కమ్మరి ఎక్కడున్నాడు?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. చాలా ఊళ్లలో కొలిమి చల్లారిపోయింది. సైకిలుకు చక్రం బిగించుకుని "కత్తులకు సాన, కత్తెరలకు సాన" అని కేకేస్తూ వీధి వీధి తిరిగే మనిషి ఎప్పుడు వస్తాడో చెప్పలేం. కమ్మరి పిల్లలు తాడేపల్లిగూడెంలోనో హైదరాబాదులోనో వెల్డింగు షాపుల్లో ఉన్నారు. ఇది నిజం. కానీ ఇది వాతావరణంలా తనంతట తాను వచ్చింది కాదు. మనం తెచ్చుకున్నాం. ఆయన దగ్గర ఇరవై రూపాయలకు బేరమాడి, సూపర్ మార్కెట్టులో మొండిపడగానే పారేసే కత్తిని అడిగినంత ఇచ్చి కొన్నాం.

కమ్మరి లేని దేశం ఎలా ఉంటుందో లేఖనంలోనే రాసి ఉంది. మొదటి సమూయేలు 13వ అధ్యాయం చివర తీసి చదవండి. ఇశ్రాయేలు దేశమంతటిలో ఒక్క కమ్మరి లేకుండా ఫిలిష్తీయులు చేశారు. హెబ్రీయులు కత్తులూ ఈటెలూ చేయించుకోకూడదని వాళ్ల ఎత్తు. అప్పుడు ప్రతి రైతూ తన నాగటి కర్రునూ గొడ్డలినీ పట్టుకుని శత్రువు ఊరికే దిగి వెళ్లి పదును పెట్టించుకోవలసి వచ్చింది. దానికి కూలి ఎంత? అక్కడ హెబ్రీ మూలంలో ఒక మాట ఉంది, 'పీము' అని. బైబిలు మొత్తంలో అది ఒక్కసారే వస్తుంది. పాత తర్జుమాదారులకు దాని అర్థం దొరక్క అదేదో ఆకురాయి అనుకున్నారు. తరువాత ఆ దేశపు మట్టిలో 'పీము' అని చెక్కిన చిన్న తూకపు రాళ్లు బయటపడ్డాయి. ఒక్కొక్కటి ఎనిమిది గ్రాములకు కాస్త తక్కువ, షెకెలులో సుమారు మూడింట రెండు వంతులు. అప్పుడు తెలిసింది, అది పనిముట్టు పేరు కాదు, పదునుకు చెల్లించిన వెండి అని. తన ఊళ్లో కొలిమి ఆరిపోనిచ్చినవాడు పరాయివాడికి కట్టే కూలి అది. యుద్ధం రోజున సౌలుకూ యోనాతానుకూ తప్ప ఎవరి చేతిలోనూ కత్తి గానీ ఈటె గానీ లేదని అదే అధ్యాయం చెబుతోంది.

మనకు యుద్ధం లేదు. కానీ తుపాను ఉంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గోదావరి, కృష్ణా డెల్టాల్లో కోతకు వచ్చిన వరి నేలకొరిగింది. మామూలు ఏడాది కోత యంత్రం వస్తుంది, గంటల లెక్కన కోసి వెళ్లిపోతుంది. కొడవలి ఎవరికి గుర్తుంటుంది? పైరు నీళ్లలో పడుకుని, మడి బురదై, యంత్రం దిగలేకపోయినప్పుడు గుర్తొస్తుంది. అలాంటి రోజుల్లో అటకల మీది కొడవళ్లు దిగుతాయి, తుప్పుపట్టి, కక్కు అరిగి. గింజ మొలకెత్తేలోపు కోయాలి. అప్పుడు ఫోను తెరిచి "కొడవలికి పదును ఎలా" అని వెదికితే టమాటా రెండు ముక్కలవడం కనబడుతుంది. ఆ రోజు మన పైరును ఏ మెరుపు వీడియో ఒడ్డుకు చేరుస్తుంది?

ఇక్కడ తెలివైన కుర్రాడు ఇంకో మాట అంటాడు. దానికి జవాబు చెప్పకుండా దాటిపోవడం న్యాయం కాదు. "చేతి విద్యలు పోయింది రాసి పెట్టకనే కదా. వీడియో ఉంటే పోదు కదా" అని. దానికి మన తెలుగు నేల మీదనే సాక్ష్యం ఉంది. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం మూసల్లో కరిగించిన ఉక్కుకు పేరు మోసింది. పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కొనుక్కుపోయేవారు. డమాస్కసు కత్తులని లోకం పొగిడిన వాటికి ముడిసరుకు ఇలాంటి దక్షిణాది ఊళ్ల నుంచి వెళ్లినదే. యూరపువాళ్లు దాన్ని 'వూట్జ్' అన్నారు. అది మన 'ఉక్కు' అన్న మాట వంకర తిరిగినదేనని చాలామంది పండితుల మాట. మైకేల్ ఫారడే అంతటి శాస్త్రవేత్త 1820 ప్రాంతంలో లండనులో కూర్చుని ఆ ఉక్కు ముక్కలను పరీక్షించాడు. వచ్చి చూసినవాళ్లు ఆ పద్ధతిని రాసుకున్నారు, అచ్చు వేశారు. అంటే రాతకు కొరత లేదు. అయినా ఆ కొలుములు ఆరిపోయాయి. ఎందుకు? విదేశాల యంత్రపు ఉక్కు చౌకగా వచ్చి పడింది, కొనేవాళ్లు పోయారు, తండ్రి పక్కన కూర్చునే కొడుకు లేచి వెళ్లిపోయాడు. రాత పుస్తకంలో మిగిలింది, విద్య చేతిలోంచి జారింది. వీడియో అంటే కదిలే రాత. అంతకన్నా ఎక్కువ కాదు. పని ఇచ్చేవాడు, పని చేసేవాడు, పక్కన కూర్చునేవాడు, ఈ ముగ్గురూ ఉన్నప్పుడే విద్య బ్రతుకుతుంది.

ఇప్పుడు పెద్దల వైపు తిరుగుదాం. ఈ పాపంలో పెద్ద వాటా వారిదే. కొడుకు సానరాయి పట్టుకుని కూర్చుంటే "డిప్లొమా చదివించింది దీనికా" అంటారు. ఆ మాట వెనుక ఉన్నది చదువు మీద ప్రేమ కాదు. ఆ పని ఫలానా కులానిది, మనది కాదు అన్న పాత విషం. పదును కావాలి, పదును పెట్టే మనిషి మాత్రం అరుగు కింద నిలబడాలి. ఇదే కదా మన ఊళ్ల లెక్క? మారుమనస్సు పొందామని చెప్పుకునే ఇళ్లలో కూడా ఈ లెక్క చెరగలేదని మేము సిగ్గుతో కాదు, కోపంతో రాస్తున్నాం. మీరు మొక్కే ప్రభువును ఊరివాళ్లు వడ్లవాడు అని పిలిచారని మార్కు 6వ అధ్యాయంలో ఉంది. పౌలు గుడారాలు కుట్టాడని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో ఉంది. ఉలి పదును లేని వడ్లవాడు ఎవరు? కత్తి పదును లేకుండా గుడారం గుడ్డ ఎవరు కత్తిరించారు? కుర్రాడు ఫోనులో రహస్యంగా నేర్చుకుంటున్నాడంటే, కమ్మరి దగ్గర బహిరంగంగా కూర్చోవడం సిగ్గు అని మనం నేర్పాం కాబట్టే. మనిషి దగ్గరకు వెళ్లే దారి మూసేసి, తెర దగ్గరకు వెళ్లావేమని తిట్టడం ఏం న్యాయం?

ప్రసంగి 10వ అధ్యాయం 10వ వచనంలో ఒక పనివాడి లెక్క ఉంది. పనిముట్టు మొద్దుబారితే ఒంటి బలం ఎక్కువ పెట్టవలసి వస్తుంది అని. మన మడుల్లో ఆ ఎక్కువ బలం ఎవరి ఒంట్లోంచి వస్తోంది? మొండి కొడవలి ఇచ్చిన ఆసామి ఒంట్లోంచి కాదు. కొడవలి పదును గురించి ఎగతాళి చేసేవారంతా ఒక్క ఉదయం మొండి కొడవలితో ఒక సాలు కోసి, ఆ తరువాత మాట్లాడండి.

ఇంకొక సంగతి ఉంది. ఇది రాస్తే సంక్రాంతికి కొందరు మాతో మాట్లాడరని తెలుసు. అయినా రాస్తాం. సాన వీడియోల్లో కోడి కత్తులవి కూడా ఉన్నాయి. పుంజు కాలికి కట్టే వేలెడు కత్తిని ఎలా తీర్చాలి, ఎంత వాడి పెట్టాలి, ఇవన్నీ ఏ జంకూ లేకుండా చూపిస్తారు. జంతువులను పోట్లాటకు ఉసికొల్పడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. 2016లో హైదరాబాదు హైకోర్టు పందేలను ఆపాలని గట్టిగా ఆదేశించింది. అయినా బరులు వెలుస్తూనే ఉన్నాయి. 2020 జనవరిలో మన చింతలపూడి ప్రాంతంలోని ప్రగడవరంలో, 2021 ఫిబ్రవరిలో తెలంగాణలోని జగిత్యాల జిల్లాలో పుంజు కాలి కత్తి తగిలి మనుషులే చనిపోయారు. తమ పుంజుల కత్తులే. ఆ అంచుకు ఎవరో ఒకరు శ్రద్ధగా సాన పట్టి ఉంటారు. కమ్మరులందరూ పరిశుద్ధులు, వాళ్లు కోడి కత్తులు చేయరు అని మేము అబద్ధం చెప్పం. చేసేవారున్నారు. కానీ ఊళ్లోని మనిషిని నిలదీయవచ్చు, "ఇది ఎందుకు చేశావు బాబాయ్" అని కళ్లలోకి చూసి అడగవచ్చు. ఆయన కూడా కుర్రాణ్ణి "ఎందుకురా నీకిది" అని అడగవచ్చు. తెర ఎవరినీ ఏమీ అడగదు. చేపకైనా, పుంజుకైనా, మనిషి కడుపుకైనా దానికి పదును ఒకటే. దేనికోసం అని అడగని గురువు గురువు కాడు.

ఒళ్లు కాపాడుకోవడం గురించి కూడా ఒక మాట. మెరుపు వీడియోల్లో ముక్కుకు గుడ్డ కట్టుకున్నవాడు ఎంతమంది కనబడ్డారు? 19వ శతాబ్దంలో ఇంగ్లాండులోని షెఫీల్డు పట్టణం కత్తులకూ ఫోర్కులకూ ప్రసిద్ధి. అక్కడ ఇసుకరాతి చక్రం మీద తడి లేకుండా పొడిగా సాన పట్టినవారు ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడై నడివయసు చూడకుండానే పోయేవారు. తడిపి సాన పట్టినవారు వారికన్నా ఎక్కువ కాలం బ్రతికారు. మన పాతవాళ్లు సానరాయి పక్కన నీళ్ల ముంత పెట్టుకున్నది చాదస్తం కాదు. ఆ నీళ్లు అంచును నీలం కాకుండా కాస్తాయి, మనిషిని దుమ్ము నుంచి కాస్తాయి.

తిట్టి ఊరుకోవడం మాకు ఇష్టం లేదు. ఏం చేయాలో కూడా చెబుతాం.

కుర్రాళ్లారా, వీడియో చూడండి. కోణం, గరుకు, వరుస, ఈ మూడూ అర్థం చేసుకోండి. మొదట పనికిరాని పాత కత్తి మీద చేయండి, అమ్మ బ్రతికే కత్తిపీట మీద కాదు. గ్రైండరు జోలికి వెళ్లకండి. రాయి తడిగా ఉంచండి. అంచు వెంబడి వేలు లాగకండి, అంచుకు అడ్డంగా మాత్రమే తాకి చూడండి. ఆ తరువాత ఆ కత్తిని పట్టుకుని ఎక్కడ కొలిమి మండుతుంటే అక్కడకు వెళ్లండి. మన మండలంలో లేకపోతే పక్క మండలానికి వెళ్లండి, సినిమాకు అంతకన్నా దూరం వెళుతున్నారు కదా. "బాబాయ్, ఇది నేను సాన పట్టాను, ఎక్కడ తప్పో చెప్పు" అని అడగండి. ఆయన నవ్వుతాడు, తిడతాడు. ఆ తిట్టే మీకు కావలసిన పాఠం. ఆయన సమయానికి కూలి ఇవ్వండి. ఊరికే నేర్పమనకండి. మీ ఫోను డేటాకు డబ్బు కడుతున్నారు, ఆయన చేతికి కట్టడానికి ఏం అడ్డు?

ఆ తరువాత ఆయన ఒప్పుకుంటే ఆయన్నే వీడియో తీయండి. కక్కు కొడవలికి పళ్లు ఎలా కొడతాడో, కత్తిపీట మీదుగా రాయి ఎలా నడుపుతాడో, ఎరుపు ఏ రంగుకు వచ్చినప్పుడు నీళ్లలో ముంచుతాడో తీయండి. ఆయన పేరూ ఊరూ ఎలా చెప్పమంటే అలాగే చెప్పండి, దాని మీద పైసా వస్తే ఆయనకు వాటా ఇవ్వండి. మన కొడవలి కోసం వెదికే ఇంకో ఊరి కుర్రాడికి అప్పుడు టమాటా కనబడదు, కొడవలే కనబడుతుంది.

కమ్మరి కుటుంబాల సహోదరులారా, మీకూ ఒక సమాచారం. 2023 సెప్టెంబరు 17న కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష రూపాయల వరకు అప్పు ఆ పథకంలో చెప్పారు. మీ దగ్గరలోని కామన్ సర్వీస్ సెంటరులో అడగండి. కాగితాల పని తెలియకపోతే ఆదివారం ఆరాధన తరువాత మా దగ్గరకు రండి, ఏ మతమని మేము అడగం. అలాగే ఇంకో మనవి. మీ కొడుకు కాని కుర్రాడు వచ్చి కొలిమి పక్కన కూర్చుంటే తోలేయకండి. విద్యను ఇంట్లోనే దాచుకుంటే అది ఇంటితోనే పోతుంది.

పెద్దలారా, మీకు చెప్పేది ఒక్కటే. సాన పట్టే చేతిని వెక్కిరించకండి. వరి కోతలకు ముందు మీ పొలంలో దిగే కూలీల కొడవళ్లకు పదును మీ ఖర్చుతో పెట్టించండి. కూలీలకు కోత నొప్పి తగ్గుతుంది, కొలిమికి బేరం దొరుకుతుంది. అది దానం కాదు, మీరు చెల్లించవలసిన పీము.

ప్రియులారా, సానరాయి చవక. ఫోనులో పాఠం ఉచితం. ఖరీదైనది, ఒక మనిషి ముందు కూర్చుని "నాకు రాదు, చూపించు" అనడం. ఆ మాట అనలేకనే మన కుర్రాళ్లు తెర వెనుక దాక్కుంటున్నారు. ఆ మాట అననివ్వకనే మన పెద్దలు కొలుములు ఆర్పేశారు. ఈ కోతల కాలం దాటేలోపు మన మండలంలో కనీసం పదిమంది ఆ మాట అని చూడాలని మేము కోరుతున్నాం. ప్రభువు మీ చేతి పనిని స్థిరపరచును గాక. ఆమేన్.